పెడచేతి అర్జీ

కోటిపర్రు కలెక్టరు కచేరీలో అర్జీ పెట్టుకోవాలంటే దాన్ని పళ్లెమంత బిళ్ల మీద అచ్చు వేయించుకుని, డెబ్బై గజాల దూరం నుంచి పెడచేత్తో విసిరి, వరండా ముందున్న గొలుసుల బుట్టలో పడేయాలి. విసురు సరిగా లేకపోతే ఆ బిళ్ల కింద పడదు, గాలిలోనే ఆగిపోతుంది. ఈ పద్ధతి వచ్చి పన్నెండేళ్లయింది. డిస్క్ గోల్ఫ్ అనే ఆటలోంచి తీసుకున్నారని చెబుతారు. ఎక్కడికో శిక్షణకి వెళ్లిన పెద్ద అధికారి ఒకాయన ఆ ఆట చూసి వచ్చి, కాయితం ఎవడైనా ఇస్తాడు, నిజంగా కష్టంలో ఉన్నవాడే నేర్చుకుని మరీ విసురుతాడు అని ఫైలు మీద రాశాడట. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరక్క కిందివాళ్లందరూ వరసగా సంతకాలు పెట్టారు.

బిళ్ల కింద ఎందుకు పడదంటే, పడితే అర్జీని తిరస్కరించినట్టు అవుతుంది. చదవకుండా అర్జీని తిరస్కరించే అధికారం జిల్లాలో ఎవరికీ లేదు. కనక అది ఎక్కడ ఊపిరి వదిలితే అక్కడే నిలబడిపోతుంది, రికార్డుల్లో ‘పరిశీలనలో ఉన్నది’ అని పడుతుంది. పన్నెండేళ్లుగా ఇలా నిలబడ్డ బిళ్లలతో కచేరీ ఆవరణకి దాదాపు కప్పు వేసినట్టయింది. లోపల మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబు లైట్లు వేసుకుంటారు. వాన పడితే జనం వాటి కింద నిలబడతారు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు మొదటి వారం మెడ పైకెత్తి చూస్తారు, రెండో వారం నుంచి చూడరు.

చూడటం మాననివాడు ఒక్కడే, పెమ్మాడి కాశీరావు. మడుగుల్లంకలో విసురువల వేసి బతికే మనిషి, యాభై రెండేళ్లవాడు. పుట్టుకతోనే అతనికి ఆరా ఎక్కువ. ఇంజను బాగుచేసే మేస్త్రీ దగ్గర కూర్చుంటే తన పనేమిటో మరిచిపోతాడు. అర్జీ పెట్టడానికి కోటిపర్రు వచ్చి అర్జీ పెట్టకుండా మూడు సోమవారాలు ఆవరణలో తిరిగి ఇంటికి పోయిన చరిత్ర అతనిది. పెళ్లాం నూకరత్నం అడిగితే, ఇంకా చూస్తున్నానని చెప్పేవాడు. ఏం చూస్తున్నావని ఆవిడ అడగడం మానేసి చాలా ఏళ్లయింది.

అతను పెట్టవలసిన అర్జీ చిన్నది కాదు. మడుగుల్లంక నుంచి ఏటి రేవుకి నాలుగు వందల గజాల దారి ఉంది. తాతల నాటి నుంచి వలలు భుజాన వేసుకుని నడిచిన దారి. దానికి రెండు పక్కలా రొయ్యల చెరువులు తవ్వించిన నాగభూషణం గారు, మధ్యలో ఈ దారి ఎందుకు పాడుగా పడి ఉండాలని, మాఘమాసంలో దానికి అడ్డంగా ముళ్లకంచె వేసి గేటుకి తాళం పెట్టించాడు. నావలు అవతల, మనుషులు ఇవతల. ముప్పై రెండు నాటు పడవలు ఒడ్డున ఎండలో పడి ఉన్నాయి. ఇంకో వేసవి ఇలాగే గడిస్తే పలకలు విచ్చుకుని అవి పొయ్యిలోకి తప్ప పనికిరావు. నూకరత్నం తొమ్మిది కిలోమీటర్ల అవతల పరాయి రేవులో చేప కొని, తట్ట నెత్తిన పెట్టుకుని, అమ్ముకుంటూ నడిచి వస్తోంది.

నావ ఎవరి పేరున ఉంటే వాళ్లే అర్జీ పెట్టాలి, ఒక్కొక్కరికి మూడు బిళ్లలు, అంతకు మించి లేదు. ముప్పై ఒక్కమంది తమ తమ బిళ్లలు విసిరేశారు. తొంభై మూడూ గాలిలో ఉన్నాయి. మిగిలింది కాశీరావు, అతని మూడు బిళ్లలు. చూస్తూ కూర్చున్నందుకు ఊరంతా అతన్ని తిట్టిపోసింది కాని, ఆ చూడటం వల్లే ఊరికి ఇంకా మూడు బిళ్లలు మిగిలాయన్న సంగతి కూడా ఊరికి తెలుసు. అందుకని తిట్టేటప్పుడు కాస్త మర్యాదగానే తిట్టేవారు.

మూడు సోమవారాల్లో అతను కనిపెట్టింది ఏమిటంటే, ఆ తొంభై మూడు బిళ్లలూ ఒకే చోట ఉన్నాయి. కచేరీకి ఈశాన్యాన, జెండా కర్ర కన్నా రెండు నిలువుల ఎత్తున, గుంపుగా. అక్కడే పక్క ఊళ్ల జాలర్ల బిళ్లలు కూడా ఉన్నాయి. గుమస్తాలు ఆ చోటుని జాలరి మబ్బు అని పిలుస్తారట. నేతవాళ్ల బిళ్లలు కుడివైపున మోకాలెత్తున, దర్జీలవి ఇంకా దగ్గరగా, గీతపనివాళ్లవి చెట్ల కొమ్మల మధ్యన. ఏ పనివాళ్లవి ఆ చోటే. కాశీరావుకి ఇది మనసులో పట్టుకుంది. మనవాళ్లందరి బిళ్లలూ వెళ్లి అక్కడే ఎందుకు ఆగుతున్నాయి? విసిరే చేతులు వేరు, విసిరిన రోజులు వేరు, గాలులు వేరు. ఇంట్లో తట్ట కడుగుతున్న నూకరత్నంతో ఈ మాట చెబితే, ఆవిడ చెయ్యి ఆపకుండా, మనవాళ్లు చచ్చినా విడిగా ఉండలేరని అంది.

మొదటి బిళ్ల అతను నాలుగో సోమవారం విసిరాడు. విసిరే చోటున్న గట్టు మీద నిలబడి, చూసినంతా గుర్తు తెచ్చుకుని, నడుం తిప్పి వదిలాడు. బిళ్ల అందంగా లేచింది. లేస్తూనే ఉంది. ఈశాన్యానికి తిరిగి, జెండా కర్ర దాటి, తొంభై మూడింటి మధ్య తనకోసమే ఖాళీ ఉంచినట్టున్న చోట వెళ్లి కూర్చుంది. ఇన్‌వార్డు గుమస్తా తల ఎత్తకుండానే మబ్బు అని రాసుకున్నాడు.

గేటు దగ్గర గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చునే రత్నకుమారి గారు అప్పుడు ఈల వేసింది. ఆవిడ రిటైరయిన డ్రిల్లు టీచరు. తప్పు విసురు చూస్తే ఆవిడకి ఒళ్లు మండుతుంది. కచేరీ గేటు దగ్గర ఆ మంట రోజూ ఉంటుంది కనక, ఇంట్లో కూర్చుని పడేకంటే ఇక్కడే పడటం నయమని వస్తుంది. అడిగినవాళ్లకి నేర్పుతుంది. అడిగేవాళ్లు తక్కువ. అర్జీదార్లకి తమ కష్టం మీద ఉండే నమ్మకం చాలా పెద్దది, అంత కష్టాన్ని పట్టుకుని విసిరితే తిన్నగా వెళ్లకపోవడం ఏమిటనుకుంటారు.

“వల వేసేవాడివేనా?” అని అడిగింది ఆవిడ.

“ఆయ్. ఎలా తెలిసిందండి?”

“నడుం ముందు తిరిగింది, చెయ్యి తర్వాత వచ్చింది. అది మీవాళ్లకే వస్తుంది, మిగతావాళ్లకి ఆర్నెల్లు నేర్పాలి. కాని చివర్లో రెండు చేతులూ ఆకాశానికెత్తావు. ఎవరికి దండం పెట్టావయ్యా?”

కాశీరావు తన చేతులకేసి చూసుకున్నాడు. వల విసిరేటప్పుడు చివర్లో చేతులు ఎత్తాలి. ఎత్తితేనే వల గొడుగులా విచ్చుకుని నీళ్ల మీద గుండ్రంగా పడుతుంది. ఎత్తకపోతే ముద్దగా పడుతుంది, చేప నవ్వుకుంటుంది. ఏడేళ్ల వయసులో తండ్రి మోచేతి మీద కర్రతో కొట్టి నేర్పిన సంగతి అది. చెయ్యి లేస్తే బిళ్ల ముక్కు లేస్తుందని, ముక్కు లేచిన బిళ్ల గాలిని పొట్టతో తోసుకుంటూ పైకెక్కి, ఊపు చచ్చి ఆగిపోతుందని రత్నకుమారి గారు చెప్పింది. జాలరి మబ్బు ఎందుకు కట్టిందో అతనికి ఆ క్షణాన తెలిసింది. కచేరీ ముందు నిలబడి, ఊరి బతుకంతా నెత్తిన వేలాడుతుండగా, అతనికి గొప్ప సంతోషం వేసింది. ఒక సంగతి తెలిసినందుకు వేసే సంతోషం అది, దానికి వేళాపాళా ఉండవు.

అప్పట్నుంచి వారానికి రెండు రోజులు నేర్చుకోవడానికి వచ్చాడు. బుట్టకి ఎదురుగా కాక కుడి భుజం బుట్ట వైపు పెట్టి నిలబడాలి. నాలుగు వేళ్లూ అంచు కింద, బొటనవేలు పైన. బిళ్లని ఒంటి చుట్టూ తిప్పి తేకూడదు, రొమ్ముకి దగ్గరగా, బల్ల మీద గీత గీసినట్టు తిన్నగా లాగాలి. ముందు కాలు మడమ నేలకి ఆనాక నడుం, నడుం తర్వాత భుజం, భుజం తర్వాత మోచెయ్యి, అందరికంటే ఆఖర్న మణికట్టు. చెయ్యి ముందుపడితే నడుం అలిగి కూర్చుంటుందని ఆవిడ అనేది. ఇంటి దగ్గర అతను పిడకలతో సాధన చేశాడు. మూడు వారాల్లో నూకరత్నం దాచుకున్న పిడకలన్నీ ముళ్లకంచె అవతల పడ్డాయి. కంచె కాపలా ఉండే అప్పలస్వామి వాటిని ఏరి గుట్టగా పేర్చి, సాయంత్రం గేటు సందులోంచి తిరిగి ఇచ్చేవాడు. మనిషికి దారి లేదుగాని పిడకకి అభ్యంతరం లేదని అతనికి యజమాని చెప్పి ఉన్నాడు.

రెండో బిళ్ల రోజున చేతులు లేవలేదు. ముక్కు లేవలేదు. బిళ్ల మనిషెత్తున, చదునుగా, చూసినవాళ్లకి నోరూరేలా బయల్దేరింది. కాని కుడికి పోయింది. బుట్టని ఇరవై గజాలు తప్పించి, ఖజానా ఆఫీసు చూరు పక్కన ఆగింది. జాలరివాడి బిళ్ల మబ్బు బయట ఆగడం పన్నెండేళ్లలో అదే మొదటిసారి. ఇన్‌వార్డు గుమస్తా ఈసారి తలెత్తి చూశాడు. ఎక్కడని రాయాలో తెలియక పక్కవాణ్ని అడిగాడు. మధ్యాహ్నం దాకా జనం వచ్చి ఆ బిళ్లని చూసిపోయారు.

రత్నకుమారి గారు నవ్వలేదు. వేళ్లు వదలడం ఆలస్యమైందని చెప్పింది. రెప్పపాటు ఆలస్యం చాలు, బిళ్ల కుడికి పారిపోతుంది. ఎందుకు వదల్లేదని అడిగింది. కాశీరావు మణికట్టు తడుముకుంటూ చెప్పుకొచ్చాడు. వలకి తాడు ఉంటుంది, ఆ తాడు కొస మణికట్టుకి ముడేసి ఉంటుంది. వల ఎంత దూరం పోయినా మనిషి దాన్ని వదలడు. విసిరిన మరుక్షణం తాడు మణికట్టుని గుంజుతుంది, ఆ గుంజు వచ్చేదాకా చెయ్యి కనిపెట్టుకుని ఉంటుంది. నలభై ఐదేళ్లుగా అతను దేన్నీ పూర్తిగా వదిలేసి ఎరగడు. తన వేళ్లు రాని గుంజు కోసం ఎదురుచూస్తున్నాయి.

ఈ మాట విన్నాక ఆవిడ గొడుగు మూసి ఒళ్లో పెట్టుకుంది. మిగిలింది ఒక్క బిళ్ల. మీ పనిలో చెయ్యి చటుక్కున వదిలేసేది ఏదీ లేదా అని అడిగింది. అతను వెంటనే లేదన్నాడు. బస్సెక్కి సగం దూరం పోయి, దిగి, ఎదురు బస్సు పట్టుకుని వెనక్కి వచ్చాడు.

“పీత ఉందండి, మేడంగారండి. సన్న పీతలు వల్లో పడతాయి. పనికిరావు. డొప్ప ఎనకనుంచి నాలుగేళ్లేసి పట్టుకుని, ఇలా పక్కకి ఇసిరేత్తాం ఏట్లోకి. ఆలీసం సేత్తే కరుత్తాది.”

“పెడచేత్తోనా?”

“ఆయ్. పెడచేత్తోనే.”

ఆవిడ లేచి నిలబడింది. ఆ రోజు నుంచి బిళ్ల బిళ్ల కాదు, పీత. దాన్ని పట్టుకున్న ప్రతిసారీ అది గిట్టలు విప్పుతోందని అనుకోమంది. కాశీరావుకి అనుకోవలసిన అవసరం రాలేదు, వేళ్లకి తెలుసు. నెల రోజులు పిడకలు కంచె అవతల ఒకే కుప్పగా పడ్డాయి. అప్పలస్వామికి ఏరే పని తప్పింది, కింద గంప పెట్టుకుని కూర్చున్నాడు.

మూడో బిళ్ల విసిరే రోజున మడుగుల్లంక మొత్తం రెండు ట్రాక్టర్ల మీద వచ్చింది. నూకరత్నం మొగుడి ముఖంకేసి కాక పాదాలకేసి చూస్తూ నిలబడింది. మడమ ఆనింది, నడుం తిరిగింది, భుజం, మోచెయ్యి, మణికట్టు, పీత. బిళ్ల డెబ్బై గజాలూ నీళ్ల మీద అరటి డొప్పలా పోయి గొలుసుల్లో పడింది. గొలుసులు గలగలమన్న చప్పుడు ఆ ఆవరణలో చాలామంది మొదటిసారి విన్నారు. లోపల ట్యూబు లైట్ల కింద పనిచేసుకునేవాళ్లు బయటికి వచ్చి, ఏదైనా పగిలిందా అని అడిగారు.

అర్జీని చదివారు. చదివితే అందులో న్యాయం ఉందని తేలింది. న్యాయం ఉన్న సంగతి ఎవరూ కాదనలేదు, దాని గురించి కచేరీలో ఎప్పుడూ పేచీ లేదు. నలభై ఒక్క రోజుల్లో ఉత్తర్వు తయారైంది: రేవు దారికి అడ్డంగా వేసిన కంచె తక్షణం తొలగించవలెను.

ఉత్తర్వులు కూడా బిళ్లలే. కచేరీ డాబా మీదినుంచి అవుట్‌వార్డు విభాగం వాళ్లు ఏ ఊరి ఉత్తర్వు ఆ ఊరి వైపు విసురుతారు. ప్రభుత్వ ముద్ర పడ్డ బిళ్లకి బలం ఎక్కువ, సరిగ్గా విసిరితే జిల్లా సరిహద్దు దాకా పోతుంది. మడుగుల్లంక ఇరవై ఎనిమిది కిలోమీటర్లే. ఒక బుధవారం పొద్దున్నే ఉత్తర్వు వచ్చింది. కొబ్బరి చెట్ల మీదుగా వస్తుంటే ఊరంతా చూసింది. కంచె దగ్గరికి వచ్చేసరికి దాని ముక్కు కొద్దిగా లేచింది. సరిగ్గా గేటు పైన, నలభై అడుగుల ఎత్తున ఆగిపోయింది.

అక్షరాలు కిందికే ఉన్నాయి. కళ్లు బాగున్నవాళ్లకి చదవడానికి వీలుగానే ఉన్నాయి. తక్షణం అన్న మాట కింద గీత కూడా ఉంది. తహసీల్దారు గారు జీపులో వచ్చి, కళ్లజోడు మార్చుకుని చదివి, ఇది నిఖార్సయిన ఉత్తర్వేనని, సంతకం కలెక్టరు గారిదేనని, కాకపోతే ఇంకా దారిలో ఉందని చెప్పాడు. దారిలో ఉన్న ఉత్తర్వుని కర్రతో కదిపినా, చెట్టెక్కి అందుకున్నా నేరం. ఒకసారి పంపినదాన్ని మళ్లీ పంపడం కుదరదు, అది చేరలేదనడానికి ఆధారం లేదు కనక. ఆయన కొబ్బరి బోండాం తాగి వెళ్లాడు. నాగభూషణం గారు కూడా కారు దిగి వచ్చి తల పైకెత్తి చదివి, ఉత్తర్వంటే తనకి గౌరవమని, అది కిందికి దిగిన రోజున తన చేత్తోనే తాళం తీస్తానని అందరి ముందూ మాటిచ్చాడు. అది నిజంగానే ఇచ్చాడు. అబద్ధమాడవలసిన అవసరం ఆయనకి లేదు.

ఊళ్లో కొందరు ఏడ్చారు. కుర్రకారు కంచె పీకేద్దామన్నారు, పెద్దలు పోలీసు స్టేషను గుర్తు చేశారు. కాశీరావు గేటు దగ్గర గొంతుక్కూర్చుని ఆ బిళ్లని సాయంత్రం దాకా చూశాడు. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు తిన్నగా వచ్చి ఆఖరి పది గజాల్లో ముక్కెత్తిందంటే, విసిరిన మనిషి చెయ్యి ఆఖర్న ఏదో చేస్తోంది. ఏం చేస్తోంది? అతనికి కోపం రావలసిన చోట ఈ ప్రశ్న వచ్చి కూర్చుంది. మర్నాడు కోటిపర్రు వెళ్లాడు, మొర పెట్టుకోవడానికి కాదు, ఆ చెయ్యి చూడటానికి.

డాబా మీద అవుట్‌వార్డులో ఉండేది ఒక్క మనిషే, హైమావతి గారని, జూనియర్ అసిస్టెంటు. నలభై ఏడేళ్ల మనిషి, కుడి భుజానికి పట్టీ. అంతకు ముందు తొమ్మిదేళ్లు ముద్రలు వేసే సీట్లో చేసింది. పదకొండేళ్లుగా రోజుకి పాతిక ఉత్తర్వులు విసురుతోంది. ఆవిడ తిట్లకి సిద్ధపడి నిలబడింది. డాబా ఎక్కివచ్చేవాళ్లు తిట్టడానికే వస్తారు. ఈయనేమో ఒక్కటి విసిరి చూపించమని అడిగాడు. విసిరింది. అది లంకల వైపు వెళ్లి, మబ్బుల కింద ఎక్కడో ఆగినట్టు ఇద్దరికీ తెలిసింది.

“మీరు ముద్దరేత్తారాండి?” అని అడిగాడు కాశీరావు.

ఆవిడ తెల్లబోయింది. ముద్ర వేసిన చెయ్యి వెంటనే పైకి లేవాలి, లేకపోతే సిరా అలుక్కుపోతుంది. తొమ్మిదేళ్లలో కొన్ని లక్షలసార్లు లేచిన చెయ్యి, బిళ్ల వదిలేటప్పుడు కూడా లేస్తోంది. ఈ సంగతి ఆయన చెబుతుంటే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నాకెవరూ నేర్పలేదండీ,” అంది. “అర్జీదార్లకి గేటు దగ్గర ఎవరో ఒకరు నేర్పుతారు. మాకెవరు నేర్పుతారు? సీటిచ్చారు, డాబా చూపించారు. పదకొండేళ్లలో నేను పంపినవి ఎన్ని చేరాయో నాకు తెలీదు. అడగడానికి భయం.”

కాశీరావుకి ఆవిడ మీద జాలి వేసింది. అంతకంటే ఎక్కువగా, ఆ భుజం చూస్తే బాగుచెయ్యాలనిపించింది, ఆగిపోయిన ఇంజను చూసినట్టు. ప్రతి గురువారం వస్తానన్నాడు. తన ఉత్తర్వు ఇక కదలదని అతనికి తెలుసు. కాని ఊరివాళ్లు కలిసి పై కచేరీకి విన్నపం పెట్టబోతున్నారు. దాని జవాబు ఏనాటికి వచ్చినా ఈ చేతిలోంచే రావాలి. నూకరత్నానికి ఈ లెక్క చెబితే, ఆవిడ నువ్వు మన దారి కోసం పోతున్నావా, ఆవిడ చెయ్యి కోసం పోతున్నావా అని అడిగింది. రెండూ ఒకటేనన్నాడు. ఆవిడ అతనికి అన్నం కారియరు సర్ది ఇచ్చింది.

రెండు నెలలు పట్టింది. పీత సంగతి హైమావతి గారికి పనికిరాలేదు, ఆవిడ పీతని పట్టుకోదు. ఆవిడ పనిలో చెయ్యి లేవకుండా, చదునుగా, పక్కకి, ఒక్క ఊపున వదిలేసేది ఏముందని కాశీరావు వెతికాడు. కింద సెక్షనులో ఒక మధ్యాహ్నమంతా బల్ల మీద కూర్చుని చూశాడు. అప్పుడు దొరికింది. పక్క టేబులుకి ఫైలు తోయడం. తన సీటు కానిదని తెలిసిన క్షణాన ఎంత చదునుగా, ఎంత తొందరగా, ఎంత నిబ్బరంగా ఫైలు వెళ్లిపోతుందో, ఆ విసురుకి సాటి డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లలో కూడా దొరకదు. కచేరీలో ప్రతి ఒక్కరికీ అది పుట్టుకతో వచ్చినట్టుంది. డాబా మీదికి పరుగెత్తుకు వెళ్లి చెప్పాడు. ఆవిడ మొదట సిగ్గుపడింది. తర్వాత నవ్వింది. కుడి భుజం లంకల వైపు పెట్టి, ఇది నా సీటు కాదు అని మనసులో అనుకుని, పిడకలతో నాలుగు గురువారాలు విసిరింది.

ఐదో గురువారం పదకొండు గంటలకి ఆ రోజు దస్తాలోంచి మొదటి బిళ్ల తీసింది. ఉత్తర్వులు చదవడం అవుట్‌వార్డు పని కాదు, ఏ దిక్కుకో అంచు మీద రాసి ఉంటుంది, అంతే చూస్తారు. దిక్కు చూసుకుంది. మడమ, నడుం, భుజం. చెయ్యి లేవలేదు. బిళ్ల డాబా అంచు దాటి, జాలరి మబ్బు కిందుగా, ఖజానా ఆఫీసు మీదుగా, నీటి కాలువ వెంట దూసుకుపోయింది. ఇద్దరూ అది చుక్కయ్యేదాకా చూశారు. ముక్కు ఒక్క వెంట్రుకవాసి లేవలేదు. హైమావతి గారు భుజం పట్టీ విప్పి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పదకొండేళ్ల తర్వాత ఒక్కటి చేరబోతోంది, ఎవరికో, ఏదో. ఎవరికైనా సరే, వాళ్లు అదృష్టవంతులని అంది. కాశీరావు బస్సులో కూర్చున్నంతసేపూ ఆ విసురే కళ్లముందు ఆడింది.

మడుగుల్లంకలో దిగేసరికి గేటు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. బిళ్ల గేటు స్తంభంలో దిగబడి ఉంది. మూడు వేళ్ల లోతు, చదునుగా, తాపీ మేస్త్రీ తూకం వేసి అమర్చినట్టు. చేరిన ఉత్తర్వు కనక తహసీల్దారు గారు చదివి వినిపించేశారట. రేవు దారిని కలుపుకుని నాగభూషణం గారి చెరువుల లీజు ముప్పై ఏళ్లకి పొడిగించారు. అది చేరిన క్షణం నుంచి అమల్లోకి వచ్చింది. సరిగ్గా దాని మీద, నలభై అడుగుల ఎత్తున, కంచె తక్షణం తొలగించవలెనన్న ఉత్తర్వు అలాగే నిలబడి ఉంది. రెండింటి మీదా సంతకం ఒకటే. రెండూ చెల్లుతాయని, ఒకటి వచ్చిందని, ఒకటి వస్తోందని తహసీల్దారు గారు చెప్పి వెళ్లారట.

ఊరంతా కాశీరావుకేసి చూసింది. ఎవరికి నేర్పి వస్తున్నాడో అందరికీ తెలుసు. అతను జనంలోంచి దారి చేసుకుని స్తంభం దగ్గరికి వెళ్లాడు. గేటు కమ్మీల సందులోంచి అవతల ఒడ్డున తన నావ కనిపిస్తోంది, ముందు పలక అప్పుడే విడిపోయింది. ఏడుపు పొంగుకొచ్చింది, అబద్ధం లేదు. అదే సమయంలో అతని వేలు దానంతట అదే బిళ్ల అంచు మీదుగా పాకింది. ఎక్కడా ఒరుగు లేదు. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు వచ్చి ఒక్క చుట్టు కూడా తడబడలేదు. ఏడుపు కిందికి దిగి సంతోషం పైకి వచ్చింది. ఆ సంతోషానికి సిగ్గు వేసింది. సిగ్గు వేసినా అది పోలేదు.

నూకరత్నం తట్ట కింద పెట్టి పక్కకి వచ్చి నిలబడింది.

“ఇదేనా, నువ్వు నేర్పింది?”

“సెయ్యి లేవలేదే,” అన్నాడు కాశీరావు.

జనం ఒక్కొక్కరూ వచ్చి బిళ్ల దిగిన తీరు చూసి, నిజమే, చాలా తిన్నగా దిగిందని ఒప్పుకుని ఇళ్లకి పోయారు. విన్నపానికి జవాబు కూడా ఇంత తిన్నగా వస్తే ఇక చూసుకోనక్కర్లేదని ఎవరో అన్నారు. తర్వాతి గురువారం పొద్దున్న నూకరత్నం పరాయి రేవుకి బయల్దేరే ముందు కారియరు సర్ది గుమ్మంలో పెట్టింది, కాశీరావు అది పట్టుకుని మొదటి బస్సుకి కోటిపర్రు వెళ్లాడు. హైమావతి గారికి ఎడమ కాలు మడమ ఇంకా కొంచెం తొందరగా లేస్తోంది.